ఆకులు రాలే కాలం కార్డులు: స్టాంపు కొనే ముందు తేల్చుకోవాల్సినవి

అమెరికాలో క్రాఫ్ట్ షాపులవాళ్ళు జులై ఎండల్లోనే గుమ్మడికాయలూ మేపుల్ ఆకులూ బయటపెట్టేస్తారు. మనమేమో అక్టోబర్‌లో వీధి చివర చెట్టు ఎర్రబడ్డాక గానీ కదలం. అప్పటికి కార్డుల మీద ముద్ర వేసే స్టాంపుల మంచి సెట్లు అయిపోయి ఉంటాయి, మిగిలినవాటిలో ఏదో ఒకటి కంగారుగా కొనేసి, ఇంటికొచ్చాక ఇంకు సరిగ్గా అంటట్లేదనో కాగితం పొట్టు లేచిందనో తల పట్టుకుంటాం.

థాంక్స్‌గివింగ్‌కి పక్కింటివాళ్ళకి, పిల్లల టీచర్‌కి, దసరాకి మనవాళ్ళకి చేత్తో చేసిన కార్డు ఇద్దామనుకున్న ప్రతివాళ్ళూ మొదట అడిగేది ఏ స్టాంపులు కొనాలని. నా లెక్కలో అది ఆఖరి ప్రశ్న. ఆకుకి రంగు ఎలా పట్టించబోతున్నారో ముందు తేల్చుకోండి. అది తేలితే ఇంకు తేలుతుంది, ఇంకుని బట్టి కాగితం, ఈ రెండిటిని బట్టి స్టాంపు. తిరగేసి కొంటూ పోతే ఒకదానికొకటి పడని సామాను డబ్బాల్లో పోగవుతుంది, కార్డు మాత్రం కాదు.

రంగు పట్టించే దారులు

ఆకుల కార్డుకి అన్నిటికంటే తేలికైనదీ, అందంగా వచ్చేదీ నిండు ఆకు స్టాంపు. అంటే గీతలు మాత్రమే కాకుండా ఆకు మొత్తం రబ్బరుతో నిండుగా ఉండి, ఈనెలు తెల్లగా వదిలేసేది. దీనికి పసుపు ప్యాడ్ మొత్తం అద్ది, పైన అక్కడక్కడా నారింజ తట్టి, చివరికి స్టాంపు అంచుని మాత్రం ఎర్ర ప్యాడ్ మీద చుట్టూ దొర్లించి కాగితం మీద పెడితే ఒక్క ముద్రలోనే మూడు రంగులు కలిసిపోయిన ఆకు వస్తుంది. లేత రంగు ముందు, ముదురు రంగు తర్వాత అన్న వరస తప్పకూడదు, లేకపోతే పసుపు ప్యాడ్ రెండు రోజుల్లో ఇటుక రంగు ప్యాడ్ అవుతుంది.

చెట్టు మీద జరిగేది కూడా దాదాపు ఇదే వరస. పసుపు, నారింజ రంగులిచ్చే కెరోటినాయిడ్లు ఆకులో ఎండాకాలం కూడా ఉంటాయి, పత్రహరితం కప్పేసి ఉండటం వల్ల కనబడవు. చలికి, తగ్గే పగటి వెలుతురుకి పత్రహరితం విరిగిపోతుంటే అవి బయటపడతాయి. ఎరుపు మాత్రం అప్పటికప్పుడు ఆకులో తయారయ్యే ఆంథోసయనిన్ల వల్ల వస్తుంది, పగలు ఎండగా, రాత్రి చల్లగా ఉన్న ఏడాది ఎరుపు బాగా వచ్చేది అందుకే. కాబట్టి అడుగున పసుపు, మీద ఎరుపు అనే పద్ధతి చూసేవాళ్ళ కళ్ళకి సహజంగా ఉంటుంది. చాలా ఆకుల్లో ఈనెల పక్కన పచ్చదనం చివరిదాకా మిగులుతుంది, మధ్యలో ఒక చుక్క ఆలివ్ రంగు తట్టితే ఆ పోలిక కూడా వచ్చేస్తుంది. ఏ ఆకుకి ఏ రంగన్నది మాత్రం కాస్త పట్టించుకోండి. షుగర్ మేపుల్ అయితే ఒకే చెట్టు మీద పసుపు, నారింజ, ఎరుపు మూడూ ఉంటాయి, ఏం చేసినా చెల్లుతుంది. గింకో మాత్రం పూర్తి పసుపు, బర్చ్ కూడా అంతే. గింకో ఆకుకి ఎర్ర అంచు పెట్టిన కార్డులు అమ్మకానికి కూడా కనిపిస్తుంటాయి, చెట్టు చూసినవాళ్ళకి అది నప్పదు.

ఇంకో మంచి సంగతి, ఈ ఋతువులో రంగులు చెడిపోవడం కష్టం. వసంతం కార్డులో గులాబీ రంగూ ఆకుపచ్చా కలిసి మట్టి రంగు వస్తే కార్డు పోయినట్టే. ఇక్కడ ఎరుపూ పచ్చా కలిసి గోధుమ రంగు వస్తే అదీ ఒక ఎండుటాకే.

అదే స్టాంపుని మళ్ళీ ఇంకు అద్దకుండా రెండోసారి, మూడోసారి పక్కన పెడితే ముద్ర పలచబడుతూ వస్తుంది. ముందు రెండు ఆకులు ముదురుగా, వెనక రెండు మసకగా ఉండి దూరంగా రాలుతున్నట్టు కనిపిస్తాయి. ఇంత చవకైన ట్రిక్కు ఇంకోటి లేదు.

రెండో దారి గీతల స్టాంపు. నల్లగా లేక గోధుమ రంగులో అచ్చువేసి లోపల మీరే రంగులు నింపుకోవడం. రంగులు వేయడమంటే ఇష్టమున్నవాళ్ళకి ఇది సాయంత్రం పూట హాయిగా ఉంటుంది గానీ ముప్పై కార్డులు కావాలంటే మాత్రం ఈ దారి పట్టకండి, పదో కార్డుకే విసుగొస్తుంది. ముఖ్యంగా గుర్తుపెట్టుకోవాల్సింది, లోపల వేసే రంగుని బట్టి గీత ఇంకు మారుతుంది. కోపిక్ లాంటి ఆల్కహాల్ మార్కర్లు వాడేట్టయితే మెమెంటో నలుపు తీసుకోండి, దాని మీద మార్కర్ వెళ్ళినా గీత కరగదు. నీటి రంగులైతే వెర్సాఫైన్ గానీ రేంజర్ వాళ్ళ ఆర్కైవల్ గానీ కావాలి, అవి ఆరాక నీళ్ళకి కదలవు. వీటిని అటూ ఇటూ మార్చి వాడితే గుమ్మడికాయ చుట్టూ బూడిద రంగు మరక పాకుతుంది.

మూడో దారి పొరల స్టాంపులు: ఒకే ఆకుకి లేత రంగు స్టాంపు ఒకటి, దాని మీద ముదురుది, దాని మీద ఈనెలది. ప్యాకెట్ మీద బొమ్మ చూస్తే ఎవరికైనా ఆశ పుడుతుంది. కానీ మూడూ కచ్చితంగా ఒకదాని మీద ఒకటి పడాలి, చేత్తో పెడితే ఒక మిల్లీమీటరు తేడా కూడా కనిపిస్తుంది, అందుకని ముద్ర ప్రతిసారీ అదే చోట పడేలా స్టాంపుని పట్టి ఉంచే మిస్టీ లాంటి స్టాంపు పొజిషనర్ కొనాల్సి వస్తుంది. మొదటి ఏడాది అక్కర్లేదు.

నాలుగోది ఎంబాసింగ్, అంటే జిగట ముద్ర మీద పొడి చల్లి వేడితో కరిగించడం, దాని గురించి జమ్మి ఆకు దగ్గర చెప్తాను.

ఇంకు ప్యాడ్లలో ఏది

ఒక్క రకమే కొనగలిగితే టిమ్ హోల్ట్జ్ అనే క్రాఫ్ట్ డిజైనర్ పేరుతో వచ్చే డిస్ట్రెస్ ఇంకులు కొనమంటాను. ఆ రంగులే ముందునుంచీ కాస్త మాసినట్టు, తుప్పు పట్టినట్టు ఉంటాయి, పేర్లు కూడా అలాంటివే. ఫాసిలైజ్డ్ ఆంబర్ ఆవ రంగు పసుపు, రస్టీ హింజ్ తుప్పు నారింజ, ఫైర్డ్ బ్రిక్ ముదురు ఇటుక ఎరుపు, వింటేజ్ ఫోటో గోధుమ రంగు. ఈ నాలుగూ ఉంటే మొత్తం సీజన్ గడిచిపోతుంది, ఐదోది కావాలంటే పచ్చదనానికి పీల్డ్ పెయింట్. అద్దిన స్టాంపు మీద ఒక్కసారి నీళ్ళు తుంపర కొట్టి కాగితం మీద పెడితే రంగులు ఒకదానిలోకి ఒకటి పారి వాటర్‌కలర్ లాగా వస్తుంది. నీళ్ళకి ఇలా కదలడమే ఈ ఇంకు గొప్ప, అదే దాని ఇబ్బంది కూడా. గీతల స్టాంపుకి దీన్ని వాడి లోపల నీటి రంగు నింపుతానంటే గీతే ఉండదు.

డిస్ట్రెస్ ఆక్సైడ్ అని ఇంకోటుంది, కాగితంలోకి ఇంకిపోయే డై ఇంకూ, పైనే నిలబడే పిగ్మెంట్ ఇంకూ కలిపి చేసినది. ఆరాక సుద్ద పూసినట్టు మెత్తగా కనిపిస్తుంది. తెల్ల కాగితం మీద నాకు మామూలు డిస్ట్రెసే ఇష్టం, ఆకు నిగనిగలాడుతుంది. క్రాఫ్ట్ పేపర్ మీద అయితే మాత్రం మాట మారుతుంది. ఆ గోధుమ రంగు కాగితం చూడగానే శరత్కాలం గుర్తొస్తుంది కాబట్టి అందరూ మొదట అదే కొంటారు, దాని మీద మామూలు డై ఇంకుతో పసుపు ఆకు వేస్తే అసలు కనబడదు, కాగితం రంగు కిందనుంచి పైకి వచ్చి మింగేస్తుంది. అక్కడ ఆక్సైడ్ గానీ పిగ్మెంట్ ఇంకు గానీ వాడాలి, అవి కాగితం మీద నిలబడతాయి. పిగ్మెంట్ ఇంకు ఆరడానికి టైమ్ పడుతుంది, చెయ్యి తగిలితే అలుక్కుపోతుంది, పిల్లలతో కూర్చుని చేసేటప్పుడు ఇది కాస్త టెన్షన్.

స్టేజ్ఆన్ లాంటి సాల్వెంట్ ఇంకు గాజు, ప్లాస్టిక్, లోహం మీద ముద్రలకి. కార్డులకి దాని అవసరం రాదు. ఇండియాలో ఉన్నవాళ్ళు మొదలుపెట్టేటప్పుడు ఇంట్లో ఉంది కదా అని ఆఫీసు స్టాంపు ప్యాడ్ తీస్తారు. ఆ ఊదా రంగుతో ఏ ఆకు వేసినా అటెస్ట్ చేసిన జిరాక్స్ కాపీలాగే ఉంటుంది, వద్దు.

కాగితం దగ్గర పిసినారితనం వద్దు

నిండు ఆకు స్టాంపుకి నున్నటి, మందమైన తెల్ల కార్డ్‌స్టాక్ కావాలి. గరుకు కాగితం మీద నిండు ముద్ర వేస్తే మధ్యలో తెల్ల చుక్కలు మిగిలిపోతాయి, వాటర్‌కలర్ కాగితమే వాడాలనుకుంటే హాట్ ప్రెస్ అని రాసి ఉన్నది, అంటే నున్నటిది తీసుకోండి.

అమెరికాలో కాగితం మందం పౌండ్లలో చెప్తారు, ఇక్కడే చాలామంది మోసపోతారు. కవర్ అని పిలిచే మందం కార్డు కాగితం రకంలో 110 పౌండ్లంటే దాదాపు 300 జీఎస్‌ఎం (చదరపు మీటరుకి గ్రాములు), కార్డు నిటారుగా నిలబడుతుంది. ఆఫీసు సామాన్ల వరసలో చవగ్గా దొరికే ప్యాకెట్ మీద కూడా 110 పౌండ్లనే ఉంటుంది కానీ అది ఇండెక్స్ రకం, అసలు మందం 200 జీఎస్‌ఎం దగ్గరే. అది పై పొరకి, ప్రాక్టీసుకి సరిపోతుంది, మడిచే కార్డుకి కాదు. పౌండ్ల సంగతి వదిలేసి జీఎస్‌ఎం ఎక్కడ రాసిందో వెతకడమే మంచిది. ఇండియాలో ఈ గొడవ లేదు, స్టేషనరీ షాపులో ఐవరీ షీట్ 250 గానీ 300 జీఎస్‌ఎం గానీ అడిగితే ఇస్తారు, ఈ పనికి బాగుంటుంది.

లెటర్ సైజు షీటుని అడ్డంగా సగానికి కోసి ఒక్కో ముక్కనీ మధ్యకి మడిస్తే 4¼ అంగుళాలకి 5½ అంగుళాల కార్డులు రెండు వస్తాయి. ఏ2 అని అడిగితే (ఇది అమెరికా కవర్ల సైజు పేరు, ఏ4 వరసలోది కాదు) దీనికి సరిపోయే కవర్లు ఏ షాపులోనైనా ఉంటాయి. ఏ4 షీటయితే అదే పద్ధతిలో ఏ6 కార్డులు రెండు. మడిచే ముందు ఇంకు అయిపోయిన బాల్‌పెన్నుతో స్కేలు పెట్టి ఒక గాడి గీయండి, లేకపోతే మందం కాగితం మడత దగ్గర పగిలి లోపలి పొరలు కనిపిస్తాయి.

నేరుగా కార్డు మీద అచ్చువేయకుండా విడి ముక్క మీద వేసి అది బాగా వచ్చాకే కార్డుకి అతికించండి. ఒక ముద్ర సరిగ్గా పడకపోతే పోయేది చిన్న ముక్కే.

ఇప్పుడు స్టాంపులు

ఎర్ర రబ్బరు స్టాంపులకీ పారదర్శకంగా ఉండే క్లియర్ స్టాంపులకీ మధ్య జనం చాలా పెద్ద పోటీ పెడతారు. ఇప్పటిదాకా చెప్పిన రంగుల పద్ధతి ఎంచుకుంటే నా ఓటు రబ్బరుకే. కారణం ఒకటే, డిస్ట్రెస్ లాంటి నీటి ఇంకు రబ్బరు మీద సమంగా పరుచుకుంటుంది, కొత్త క్లియర్ స్టాంపు మీద చుక్కలు చుక్కలుగా విడిపోతుంది. గీతల స్టాంపుల్లో ఇది పెద్దగా తెలియదు, నిండు ఆకులో మచ్చలు మచ్చలుగా బయటపడుతుంది. రబ్బరు ఏ ఇంకుకైనా తట్టుకుంటుంది, ఎంబాసింగ్‌కి వాడే హీట్ గన్ వేడి దగ్గర్లో ఉన్నా భయం లేదు, బాగా చూసుకుంటే ఏళ్ళ తరబడి ఉంటుంది.

క్లియర్ స్టాంపుల సుఖం వేరు. ముద్ర ఎక్కడ పడుతుందో పైనుంచి కనిపిస్తుంది, స్టాంపుని అంటించి పట్టుకోవడానికి ఒక యాక్రిలిక్ బ్లాక్ ఉంటే వంద స్టాంపులకి అదే సరిపోతుంది, సన్నటి కవర్లలో దాచుకోవచ్చు, ధర తక్కువ. అక్షరాల స్టాంపులకి, అంటే ‘హ్యాపీ ఫాల్’, ‘థాంక్యూ’ లాంటివాటికి కళ్ళు మూసుకుని క్లియర్ కొనండి, వంకర పడితే అన్నిటికంటే ముందు కనిపించేవి అక్షరాలే. ఆకులకి కూడా క్లియరే దొరికిందా, మొదటిసారి వాడే ముందు తెల్ల ఎరేజర్‌తో ముఖం మీద మెల్లగా రుద్దండి, తయారీలో మిగిలిన జిడ్డు పొర పోయి ఇంకు పట్టుకుంటుంది. చవక సెట్లలో సిలికోన్ రకాలు వస్తుంటాయి, అవి ఇంకుని అసలు పట్టుకోవు. వివరణలో ఫోటోపాలిమర్ అన్న మాట ఉందో లేదో చూడండి. వాడుతుంటే క్లియర్ స్టాంపులు పసుపెక్కుతాయి, దానివల్ల ముద్రకి ఏం కాదు. రెండు రకాల్నీ ఎండ తగిలే కిటికీ దగ్గర మాత్రం పెట్టకండి.

చెక్క పిడి ఉన్న పాత రకం స్టాంపులు చేతికి పట్టుబాటుగా ఉంటాయి, చిన్నపిల్లలకి అవే సులువు. చోటు తినేస్తాయి, నీళ్ళలో నానబెడితే జిగురు ఊడుతుంది, తడిగుడ్డతో తుడవాలి అంతే. ఏ రకమైనా స్టాంపుని చపాతీ ఒత్తినట్టు అటూ ఇటూ కదపకుండా నిలువుగా పెట్టి, అన్ని వైపులా వేళ్ళతో నొక్కి, నిలువుగా తీయాలి.

డబ్బు పెట్టకుండా మొదలుపెట్టాలంటే బయట కొత్తగా రాలిన, ఇంకా మెత్తగా ఉన్న ఆకు తెచ్చుకోండి. ఒక రాత్రి బరువైన పుస్తకం కింద పెట్టి, ఈనెలు పైకి తేలి ఉండే వెనక వైపు ఇంకు ప్యాడ్ తట్టి, కాగితం మీద బోర్లించి, పైన ఇంకో కాగితం వేసి వేలితో రుద్దండి. ఈనెల అల్లిక అంతా అచ్చుపడుతుంది. ఒక్కో ఆకు కొన్ని ముద్రలకే పనికొస్తుంది, ఏ రెండూ ఒకేలా రావు. ఎండి కరకరలాడే ఆకు నొక్కగానే పొడైపోతుంది. ఇరవై కార్డులు ఒకేలా కావాలనుకునేవాళ్ళకి ఇది పడదు, నాలుగైదు చాలు అనుకునేవాళ్ళకి దీన్ని మించింది షాపులో లేదని నా గట్టి అభిప్రాయం. పిల్లలుంటే బెండకాయ ముక్కలు కూడా పెట్టండి, పువ్వుల ముద్రలు ఉచితం.

పెడన అచ్చులు ఇంట్లో ఉన్నవాళ్ళ కోసం ఒక మాట. కృష్ణా జిల్లా పెడనలో కలంకారీ బట్టల మీద వేసే టేకు చెక్క అచ్చుల్ని చాలామంది అలంకారం కోసం కొని గోడకి తగిలిస్తారు. అవి కాగితం మీద కూడా పనిచేస్తాయి, కాకపోతే చెక్కకి రబ్బరులాగా మెత్తదనం ఉండదు కాబట్టి కాగితం కింద మడతపెట్టిన పాత దుప్పటో ఫెల్టో వేయాలి. అచ్చుని ప్యాడ్ మీద పెట్టడం కాదు, ప్యాడ్‌నే అచ్చు మీద తట్టాలి, పిగ్మెంట్ ఇంకు అయితే మేలు. మచిలీపట్నం కలంకారీలో ఎక్కువగా కనిపించే ముదురు ఎరుపు, నలుపు, ఆవ పసుపు చూడండి, అమెరికన్ షాపులో ఫాల్ కలర్స్ అని అమ్మేవి దాదాపు అవే. మేపుల్ ఆకు దొరకదు గానీ తీగలు, పువ్వులు, మామిడిపిందెలు ఇటుక రంగులో క్రాఫ్ట్ పేపర్ మీద వేస్తే ఎవరి కార్డుతోనూ కలవని కార్డు వస్తుంది.

దసరాకైతే జమ్మి

మనవాళ్ళకి ఇచ్చే కార్డు మీద గుమ్మడికాయ ఎందుకు? అమెరికాలో ఆకులు రంగు మారే రోజుల్లోనే మనకి దసరా, బతుకమ్మ వస్తాయి. తెలంగాణలో దసరా సాయంత్రం జమ్మి ఆకుని బంగారమని చేతిలో పెట్టి పెద్దవాళ్ళ కాళ్ళకి దణ్ణం పెడతారు, బయటి దేశంలో జమ్మి చెట్టు ఎక్కడ దొరుకుతుంది? బంగారు రంగు ఎంబాసింగ్‌తో జమ్మి రెమ్మ వేసిన కార్డు ఆ లోటు కొంచెం తీరుస్తుంది. షాపుల్లో జమ్మి స్టాంపు ఉండదు. ఫెర్న్ అనో ఈకలాంటి ఆకు అనో అమ్మేవాటిలో సన్నటి చిన్న ఆకులు రెండు వైపులా ఉన్నది వెతకండి, లేదా మెత్తటి కార్వింగ్ రబ్బరు ముక్క మీద మీరే చెక్కుకోండి. చిన్న ఆకులు చెక్కడం కష్టమనిపిస్తే తంగేడు పువ్వు సులువు, ఐదు రేకులు, ఒక మామూలు ఎరేజర్ సరిపోతుంది.

ఎంబాసింగ్‌కి వెర్సామార్క్ అనే రంగులేని జిగట ఇంకు, బంగారు పొడి, హీట్ గన్ కావాలి. హెయిర్ డ్రయ్యర్‌తో కుదరదు, దానికి గాలి ఎక్కువ, వేడి తక్కువ, పొడి కరగకముందే ఎగిరిపోతుంది. ముద్ర వేసే ముందు కాగితాన్ని టాల్కమ్ పౌడర్ కట్టిన పలచటి గుడ్డ మూటతో ఒకసారి తట్టండి, లేకపోతే బంగారు రేణువులు ముద్ర బయట కూడా అంటుకుని అక్కడే కరుగుతాయి. మెరూన్ లేక ముదురు ఆకుపచ్చ కాగితం మీద బంగారం కొట్టొచ్చినట్టు ఉంటుంది, తెల్ల మీద అంతగా ఉండదు. ఇంత సామాను ఒక్క పండక్కే అనిపిస్తే ఎంబాసింగ్ మానేసి బంగారు పిగ్మెంట్ ప్యాడ్ ఒకటి కొనండి, మెరుపు తగ్గుతుంది, ఖర్చు బాగా తగ్గుతుంది.

పోస్టులో వేసేట్టయితే

చేత్తో ఇచ్చే కార్డుకీ పోస్టులో వెళ్ళే కార్డుకీ తేడా పెట్టుకోండి. అమెరికా పోస్టాఫీసు చదరపు కవరుకి అదనంగా తీసుకుంటుంది, కాబట్టి చదరపు కార్డుల ప్యాకెట్లు ఎంత ముద్దుగా ఉన్నా వదిలేయండి. గుండీ, పురికొస ముడి, చెక్క ముక్క అతికిస్తే కవరు ఎత్తుపల్లాలుగా ఉండి యంత్రంలో పోదు, దానికీ అదనమే. పావు అంగుళం మందం దాటితే ఉత్తరం లెక్కలోంచే తీసేస్తారు. ఫోమ్ టేప్‌తో ఆకుని పైకి లేపి అతికించడం ఇష్టమైతే ఒక్క పొర చాలు. మొత్తం కవరు ఒక ఔన్సు దాటకుండా వంటింటి త్రాసులో చూసుకోండి, మందం కాగితం మీద మూడు పొరలు అతికిస్తే దాటే వీలుంది.

థాంక్స్‌గివింగ్ నవంబర్ నాలుగో గురువారం, కెనడాలో అయితే అక్టోబర్ రెండో సోమవారమే. కెనడా బంధువులకి పంపేవాళ్ళు సెప్టెంబర్‌లోనే కూర్చోవాలి, అప్పుడు కొనే ఇంకులూ కాగితమే దసరా కార్డులకి కూడా వచ్చేస్తాయి. ఇండియాకి పంపేట్టయితే ఎంబాసింగ్ ముద్ర మీద పలచటి టిష్యూ ఒకటి పెట్టి కవరు అంటించండి.